గడియారం ఎడం పక్కన

నాది ఎడం చేతివాటం. మా ఇంట్లో మాత్రం దాన్ని వాటం అనలేదు, తెగులు అన్నారు. అన్నానికి కూర్చున్నప్పుడు మా అవ్వ ఆ చేతిని పాత తువ్వాలుతో నడుముకు కట్టేసేది. బడిలో అయివారు స్కేలు నిలువుగా పట్టుకుని వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడు. నాయన మెత్తని మనిషి, చేలో పడ్డ పశువును కూడా అదిలించి వదిలేసే రకం. అయినా ఆ చేత్తో నేను ఎవరికైనా ఏదన్నా ఇవ్వబోతే చాలు, ఠపీమని ఒకటి పడేది. మొక్కై వంగనిది మానై వంగునా అని అవ్వ రోజూ పాడే పాట. వంచడానికి వాళ్ళు పడిన తిప్పలు తక్కువేం కాదు. చివరికి నాకు నేనే ఒక ఒప్పందం చేసుకున్నాను. తినడం, రాయడం, ఇవ్వడం, పుచ్చుకోవడం కుడిచేత్తో. మిగిలిన లోకమంతా ఎడం చేతిది. చెనిక్కాయలు ఒలిచినా, మామిడికాయకు రాయి విసిరినా ఆ చెయ్యే. పెద్దవాళ్ళెవరైనా వస్తే అది దానంతటదే పావడా మడతల్లోకి పోయి దాక్కునేది. పొమ్మని నేను చెప్పాల్సిన పని కూడా లేదు.

చదరంగం వచ్చింది ఆ చేతికే. మా మేనమామకు పాకాల జంక్షన్లో రైల్వే ఉద్యోగం. సెలవులకు వాళ్ళింటికి పోతే సాయంత్రాలు నన్ను స్టేషనుకు తీసుకుపోయేవాడు. బండికీ బండికీ మధ్య ఖాళీలో రైల్వేవాళ్ళు ప్లాట్‌ఫారం బెంచీ మీద బోర్డు పరిచేవాళ్ళు. నేను పక్కన నిలబడి చూసి చూసి నేర్చుకున్నాను. మొదటిసారి ఎత్తు వేస్తూ నా చెయ్యి చూసుకుని గబుక్కున వెనక్కి లాక్కున్నాను. మామ నవ్వి, "నేను ఎర్రజెండా ఎడం చేత్తోనే పట్టుకుంటా. బండి నిలబడ్లేదా?" అన్నాడు. ఆ బెంచీ మీద ఆ చేతిని ఎవరూ పట్టించుకోలేదు. బండి వచ్చేలోపల ఆట ముగించాలి కాబట్టి వాళ్ళకు అంత తీరికా లేదు. వేగంగా ఆడడం నాకు అక్కడే అబ్బింది.

తొంభైల్లో పెద్ద చదువుకు తిరుపతి వచ్చి హాస్టల్లో చేరాను. బజారు వీధిలో ఒక పాత్రల అంగడి మీద, మేడ గదిలో చదరంగం క్లబ్బు ఉండేది. ఆదివారం మధ్యాహ్నం తెరిచేవాళ్ళు. కింద ఇత్తడి బిందెలకు సొట్టలు తీస్తున్న చప్పుడు, పైన గడియారాలు కొడుతున్న చప్పుడు, రెండూ కలిసి వినిపించేవి. నేను పోయేటప్పటికి అక్కడ ఇంకో ఆడమనిషి లేదు. నన్ను చూసి, ఎవరినో వెతుక్కుంటూ వచ్చిన చెల్లెలో, కూతురో అనుకున్నారు. ఆడడానికి వచ్చానంటే కుర్చీ చూపించారు. కుర్చీ ఇచ్చినందుకు వాళ్ళకు మంచి పేరు రావాలి, కానీ తరవాత నన్ను ఆ కుర్చీలోంచి లేపలేక పడిన అవస్థ కూడా చెప్పాలి కదా.

అక్కడి ఆట ఐదు నిమిషాల ఆట. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలే. ఎత్తు వేసి గడియారం మీట నొక్కితే మన కాలం ఆగి అవతలివాళ్ళ కాలం నడుస్తుంది. కాలం తీరడానికి వస్తే చిన్న ఎర్రరేకు పైకి లేస్తుంది, తీరగానే పడిపోతుంది. దాన్ని జెండా అనేవాళ్ళం. బోర్డు మీద మన రాజు ఎంత దర్జాగా ఉన్నా జెండా పడితే ఆట పోయినట్టే. ఓడినవాళ్ళు లేవాలి, గెలిచినవాళ్ళు కూర్చునే ఉండాలి. ఇంకొక కట్టుబాటు ఉండేది. ఏ చేత్తో ఎత్తు వేస్తే ఆ చేత్తోనే గడియారం నొక్కాలి. ఒకప్పుడు ఎవరో ఒక చేత్తో పావు జరుపుతూ ఇంకో చేత్తో గడియారం మీదే కాపలా కాస్తూ ఆడితే పెద్ద గొడవై చొక్కాలు చిరిగాయట. అప్పట్నుంచి మా క్లబ్బులో చెయ్యి మారితే ఆట పోతుంది, రెండో మాట లేదు.

గడియారం ఎటు పక్క పెట్టాలనేది నల్లపావులవాళ్ళ ఇష్టం. అందరిదీ కుడిచేతివాటమే కాబట్టి నల్లపావులవాడు గడియారాన్ని తన కుడిపక్క పెట్టుకుంటాడు. అవతల కూర్చున్నవాడికి అది ఎడం పక్క అవుతుంది. వాడు ప్రతి ఎత్తుకూ బోర్డు మీంచి చెయ్యి చాపి నొక్కాలి. ఎత్తుకు రెప్పపాటు పోతుంది. ఆట ముగిసేసరికి ఆ రెప్పపాట్లన్నీ కలిసి ప్రాణం తీస్తాయి. నా ఎదుట కూర్చుంటే మాత్రం ఆ లెక్క చెల్లదు. ఎదుటివాళ్ళ కుడిపక్క అంటే నాకు ఎడంపక్క. గడియారం ఇద్దరికీ దగ్గరే. ఎవరికీ అన్యాయం లేదు. న్యాయంగా ఆడాల్సి రావడం కొందరికి ఎంత కష్టమో నాకు ఆ క్లబ్బులోనే అర్థమైంది.

వాళ్ళలో మొదటివాడు చిత్తూరాయన. చిత్తూరులో వాళ్ళకు బట్టలంగడి. ముప్పై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. ప్రతి ఆదివారం బస్సులో తిరుపతి వచ్చి, రాత్రి బస్సుకు తిరిగి పోయేవాడు. జిల్లాలో ఐదు నిమిషాల ఆటలో ఆయన్ను కొట్టినవాళ్ళు లేరు. గుడ్డ చింపినట్టు ఆడేవాడు, సర్రుమని. మొదటిరోజు నన్ను వరసగా ఓడించి, చివరాఖరుకు ఒకటి ఓడిపోయాడు. లేచి నిలబడి, నా చెయ్యి వైపు చూసి, ఏంది పాపా, ఎడం చేత్తో దేవుడికి హారతి ఇస్తామా అని అడిగాడు. దేవుడికి చెక్ కూడా చెప్పం కదన్నా అన్నాను. గదిలో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. మా ఇద్దరి పోరు ఆరోజే మొదలైంది.

ఎడం చెయ్యి బోర్డు మీద పెడితే పావులకు అగౌరవమట. ఎదుట కూర్చున్నవాళ్ళకు అవమానమట. ఓడిన ప్రతిసారీ ఆయనకు ఈ శాస్త్రాలు గుర్తొచ్చేవి. గెలిచినప్పుడు ఒక్కసారి కూడా గుర్తురాలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. ఆయన బాధ శాస్త్రం కాదు, గడియారం. మిగిలినవాళ్ళ మీద నల్లపావులతో దొరికే ఆ రెప్పపాటు నా దగ్గర దొరకదు. ఆ మాట పైకి అనలేక పావుల మర్యాద గురించి మాట్లాడేవాడు. నాకు కోపం వచ్చేది. కోపం వస్తే నేను బాగా ఆడతాను. ఆ సంగతి ఆయన కనిపెట్టలేదు.

ఆ రోజుల్లో మేమిద్దరం పోట్లాడుకోవడానికి ఇంకో ఇద్దరు మనుషులు కూడా దొరికారు. గ్రాండ్‌మాస్టర్లు. ఇద్దరూ బయటి రాష్ట్రాలవాళ్ళు. ఒకాయన లావు, ఒకాయన సన్నం. ఏళ్ళ తరబడి ఇద్దరికీ బ్లిట్జ్‌లో, అంటే మా ఐదు నిమిషాల ఆటలోనే, పోటీ. ఈసారి ఈయన ఓడితే వచ్చేసారి ఆయన ఓడాలి. వాళ్ళ ఆటలు పత్రికల్లో పడితే కత్తిరించి తెచ్చుకుని బోర్డు మీద పెట్టి చూసేవాళ్ళం. చిత్తూరాయనకు సన్నాయన దేవుడు. అందుకే నేను లావాయన పక్షం. లావాయన గుర్రాన్ని ఒక మూలన పోగొట్టుకుంటే నేను వారమంతా చిత్తూరాయన మాటలు పడాల్సి వచ్చేది. వాళ్ళిద్దరికీ తెలియకుండా వాళ్ళ పోరును మేమిద్దరం ఇక్కడ పంచుకున్నాం. నాకు తెలిసి ఆ గదిలో మాకంటే సంతోషంగా ఉన్నవాళ్ళు లేరు. ఇది ఇప్పుడు చెప్తున్న మాట, అప్పుడు మాత్రం ఆయన బస్సు పాకాల దగ్గర చెడిపోతే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

నా చదువు చివరి ఏడాదిలో, ఊళ్ళో వర్తకులు కొందరు కొత్త కల్యాణమండపం కట్టి, తెరవడానికి ఆ ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లనూ పిలిపించారు. స్వామి దర్శనం చేసుకుని, సాయంత్రం మండపంలో బ్లిట్జ్ ఆడి చూపిస్తారట. వాళ్ళలో గెలిచినాయన చివర్లో స్థానికుల్లో ఒకరితో ఒక ఆట ఆడతాడట. ఆ ఒకరెవరో క్లబ్బు తేల్చాలి. తేల్చడానికేముంది, చిత్తూరాయనో నేనో.

ఆ కుర్చీ నాకు ఎంత కావాల్సి వచ్చిందో చెప్పలేను. చదువైపోతే ఊరికి పోవాలి. ఆ తరవాత ఆదివారాలు ఎవరి చేతిలో ఉంటాయో తెలీదు. గ్రాండ్‌మాస్టరుతో ఒక్క ఆట, అదీ ఊరందరి ఎదుట, నా చేత్తో. అందులో నా చేత్తో అన్నదే నాకు ముఖ్యం. ఆ చేతిని చిన్నప్పట్నుంచి దాచిపెట్టి దాచిపెట్టి విసిగిపోయాను.

మా క్లబ్బు ప్రెసిడెంటు సారు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మంచాయనే, గోడమీద పిల్లి. ఐదు ఆటలు పెట్టండి, ముందు మూడు గెలిచినవాళ్ళు మండపంలో ఆడతారు అన్నాడు. ఆయనే పక్కన కూర్చుని చూస్తానన్నాడు.

ఆ ఆదివారం గది నిండిపోయింది. కిటికీల్లో కూడా కూర్చున్నారు. మొదటిది చిత్తూరాయన గెలిచాడు. తరవాతి రెండూ నేను గెలిచాను. రెండోదాంట్లో ఆయన మంత్రి నా ఏనుగుల మధ్య ఇరుక్కుని ఊపిరాడక పోయింది. ఇంకొక్కటి గెలిస్తే చాలు. నాలుగోదీ నాదే అయ్యేలా ఉంది. ఆయనకు పావులు తక్కువ, కాలం తక్కువ. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను ఆయన ఏనుగును కొట్టి పట్టుకున్నాను. తల ఎత్తేసరికి గుమ్మంలో నాయన.

నాయన ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. బావి దగ్గర మోటారు కాలిపోతే వైండింగుకు ఇవ్వడానికి తిరుపతి వచ్చాడు. సాయంత్రం బండికి ఇంకా టైముందని హాస్టల్లో అడిగి, అక్కడినుంచి అంగళ్ళలో అడిగి ఇక్కడికి వచ్చాడు. భుజం మీద తువ్వాలు, చేతులకు ఇంకా గ్రీజు. నన్ను చూడడం లేదు, నా చేతిని చూస్తున్నాడు.

ఏనుగును కొట్టిన ఎడం చెయ్యి గబుక్కున ఒళ్ళోకి పోయి ఓణీ కింద దాక్కుంది. కుడిచెయ్యి బోర్డు మీంచి అడ్డంగా పోయి గడియారం నొక్కింది. నేను చేసిన పనేనా అంటే, నేనే చేశాను. కానీ అది నా ఇరవై ఏళ్ళ పెంపకం చేసిన పని. పెద్దవాళ్ళు చూస్తుంటే ఇచ్చేది కుడిచేత్తో. ఆట వంతు కూడా ఎదుటివాళ్ళకు ఇచ్చేదే కదా. ఏ ఊరి ఆటగాడూ ఆ తప్పు చెయ్యడు. మాలాంటి ఇళ్ళలో పెరిగిన ఎడంచేతివాళ్ళు తప్ప.

చిత్తూరాయన గడియారాన్ని ఆపేసి, "చెయ్యి మారింది సార్" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ప్రెసిడెంటు సారు నన్ను చూసి, ఆయన్ను చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మింగలేక కక్కలేక, కట్టుబాటు కట్టుబాటే కదమ్మా అన్నాడు. రెండూ రెండూ సమానం. టీ తాగి ఐదోది ఆడమన్నారు.

నేను లేచి బయటికి, మెట్ల దగ్గరికి పోయాను. నాయన నా వెనకాలే వచ్చాడు. కింద బిందెల చప్పుడు ఆగలేదు. ఈ ఆటలు మండపంలో ఆడే కుర్చీ కోసమని, గెలవాల్సిన ఆట పోయిందని ఆయనకు ఎవరో చెప్పినట్టున్నారు.

"ఆ సెయ్యి పెట్టినావు గదమ్మే. అందుకే పాయె" అన్నాడు.

నాయనకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. ఆరోజు ఒళ్ళంతా మంటగా ఉంది.

"కాదు నాయనా. నిన్ను చూసి కుడిచెయ్యి పెట్టినా. అందుకే పాయె."

అక్కడితో నేను ఆపలేదు. కట్టుబాటు ఏమిటో, ఏ చెయ్యి ఎటు పోయిందో మొత్తం చెప్పాను. ఇన్నేళ్ళు మీరందరూ కలిసి ఆ చేతికి నేర్పింది దాక్కోవడం ఒక్కటే అన్నాను. చెప్పినాక భయం వేసింది. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా ఐదో ఆట ఆడే పోవాలనుకున్నాను.

నాయన నా ఎడం చేతి వైపు చూసి, "ఆ సెయ్యే పెడితే గెలుస్తావా?" అని అడిగాడు.

"తెలీదు. ఓడినా ఆ చేత్తోనే ఓడతా."

నాయన తువ్వాలుతో చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. అది గ్రీజు, తువ్వాలుకు పోదు. బండికి ఇంకా టైముండాది, పొయ్యి ఆడుకోపో అన్నాడు. తను లోపలికి రాలేదు. మెట్ల మీదే కూర్చున్నాడు. ఆ మాటలో ఇష్టం ఉందో కోపం ఉందో నాకు తెలీలేదు, తెలుసుకునే తీరికా లేదు.

ఐదో ఆటకు నేను కుడిచేతిని తొడకింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను. ఆట అయ్యేదాకా దాన్ని బయటికి రానివ్వలేదు. చిత్తూరాయన చూసి, ఏం పాపా, దాన్ని జైల్లో ఏసినావా అన్నాడు. మా అవ్వ ఒక చేతిని కడితే నేను ఇంకోదాన్ని కట్టాను, చెల్లుకు చెల్లు అని మనసులో అనుకున్నాను గానీ పైకి అనలేదు. నోరు తెరిస్తే కాలం పోతుంది.

ఆ ఆట నేను బాగా ఆడానని చెప్పను. ఆయనే బాగా ఆడాడు. మధ్యలో నా బంట్లను రెండింటిని ఊరికే మింగేశాడు. నాకు మిగిలింది వేగం ఒక్కటే. ఆయన ఎత్తు వేసి చెయ్యి తియ్యకముందే నా ఎత్తు పడిపోయేది. పాకాల బెంచీ మీద బండి కూత వినిపిస్తుంటే ఎలా ఆడేవాళ్ళమో అలా ఆడాను. చివరికి ఇద్దరి జెండాలూ లేచి నిలబడ్డాయి. ఆయన బంటు ఒకటి మంత్రి కావడానికి ఇంకొక్క గడి దూరంలో ఉంది. దాన్ని జరపబోతూ ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు, నేనేదో కుట్ర పన్నానేమోనని. నిజానికి నేనేమీ పన్నలేదు, ఒక్క బంటు తప్ప నా దగ్గర పన్నడానికి పావులే లేవు. ఆ క్షణంలో ఆయన జెండా పడిపోయింది.

ఆయన పడిన జెండా వైపు చూశాడు, తరవాత లేచి నిలబడ్డాడు. ఓడినవాళ్ళు లేవాలి. నేను కూర్చునే ఉన్నాను. నా కుడిచెయ్యి తిమ్మిరెక్కి రాయి అయిపోయింది. నాయన కోసం మెట్ల దగ్గరికి పోయేసరికి ఆయన బండికి వెళ్ళిపోయాడు.

అక్కడితో అయిపోలేదు. ప్రెసిడెంటు సారు నన్ను పక్కకు పిలిచి, చెవిలో మంత్రం చెప్పినట్టు మెల్లగా మొదలుపెట్టాడు. మండపానికి పెద్దపెద్దవాళ్ళు వస్తారు, స్వాములు కూడా రావచ్చు, అతిథి ఎదుట ఎడం చెయ్యి బాగుండదు, ఆరోజు ఒక్కటీ కుడిచేత్తో ఆడితే ఏంపోతుంది, ఎట్లాగూ గ్రాండ్‌మాస్టరు చేతిలో ఓడిపోయేదే కదా అన్నాడు. చివరి మాట నన్ను బాగా కాల్చింది. ఎట్లాగూ ఓడేదే అయితే ఇంకొకరి చేత్తో ఎందుకు ఓడాలి సార్ అన్నాను. ఎడం చేత్తో అయితేనే వస్తాను, కాదంటే ఆయన్నే కూర్చోబెట్టండి అని చిత్తూరాయన్ను చూపించాను. చెప్పేసి బయటికి నడిచాను. నోటి దగ్గరికి వచ్చినదాన్ని నేనే తోసేసుకున్నానని తెలుస్తూనే ఉంది. అయినా వెనక్కి తిరగలేదు.

చిత్తూరాయన వెనకనుంచి పిలిచాడు. సారుకు వినపడేలాగే మాట్లాడాడు.

"సార్, నన్ను ఓడించింది ఆ చెయ్యి. మీరు దాన్ని దాచిపెట్టి, చేతగాని చెయ్యి తెచ్చి ఆడిస్తే ఆ పాప నాలుగెత్తులకు చిత్తవుతుంది. దీనికా చిత్తూరాయన ఓడినాడు అనుకుంటారు ఊళ్ళో. నాకు పరువు లేదా?"

నా మీద ప్రేమతో అన్నది కాదు. తన పరువు కోసమే అన్నాడు. అయినా ఆ రోజుల్లో నా చేతికి దొరికిన మొదటి సాక్ష్యం అది. మర్యాద గురించి మాట్లాడిన నోరే ఆ మాట అన్నదని ఎత్తిపొడవాలనిపించింది. నోరు మూసుకున్నాను. ప్రెసిడెంటు సారు మాత్రం గోడమీంచి ఇటు దూకేశాడు, సరే కానివ్వండి అన్నాడు.

మండపం రోజు సాయంత్రం గ్రాండ్‌మాస్టర్లిద్దరూ తలలు గుండ్లు చేయించుకుని వచ్చారు. పత్రికలో చూసిన మొహాలు గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. కూర్చునేదాకా ఇద్దరూ మెతకగా, పెళ్ళికొచ్చిన వియ్యంకుల్లా ఉన్నారు. కూర్చున్నాక మనుషులు మారిపోయారు. గడియారాన్ని కొట్టే కొట్టుడికి బల్లమీద మంచినీళ్ళ గ్లాసు వణికింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇన్నేళ్ళ పోరు వాళ్ళ వేళ్ళలో ఉంది. పావు గాల్లో ఉండగానే రెండోవాడి చెయ్యి దానికి జవాబుగా లేచేది.

నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది ఆట కాదు. ఇద్దరిదీ కుడిచేతివాటమే. ప్రతి ఆట మొదట్లో నల్లపావులు ఎవరికి వస్తే ఆయన గడియారాన్ని ఎత్తి తన కుడిపక్కకు మార్చుకునేవాడు. ఒకసారి లావాయన మర్చిపోతే, ఆట మొదలయ్యే ముందు గుర్తొచ్చి చెయ్యి అడ్డం పెట్టి ఆపి మరీ మార్చుకున్నాడు. సన్నాయన మూతి ముడిచాడు. అంత పెద్దవాళ్ళు, లోకమంతా తిరిగినవాళ్ళు, మా మేడమీద గదిలో మేం కొట్టుకున్న రెప్పపాటు కోసమే కొట్టుకుంటున్నారు. పావుల మర్యాద గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను ముందు వరసలో కూర్చుని బాహాటంగా నవ్వాను. పక్కనున్న ప్రెసిడెంటు సారు ఏమైందమ్మా అంటే, ఏం లేదు సార్, శాస్త్రం నేర్చుకుంటున్నా అన్నాను.

సన్నాయన గెలిచాడు. నేను నా శత్రువు దేవుడితో ఆడాలన్నమాట. నన్ను వేదిక మీదికి పిలిచారు. నాకు నల్లపావులు. నేను వచ్చేలోపలే ఎవరో గడియారాన్ని నా కుడిపక్క సర్ది పెట్టారు. ఎవరో నాకు తెలుసు. ప్రెసిడెంటు సారు వేదిక పక్కనే నిలబడి నా వైపు బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు. హాలు నిండా జనం. పట్టుచీరలు, పట్టుపంచెలు, ముందు వరసలో ఊరి పెద్దలు.

నేను గడియారాన్ని ఎత్తి ఎడం పక్కన పెట్టాను. ఎడం చేత్తోనే ఎత్తాను. జనంలో గుసగుస లేచింది. సన్నాయన ఒకసారి గడియారం చూసి, నా చెయ్యి చూసి, తన చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ, ఇట్లా అయితే ఇద్దరికీ దగ్గరే, మంచిది అని ఇంగ్లీషులో అన్నాడు. ఏళ్ళుగా మా గదిలో జరిగిన రగడకు ఆయన పెట్టిన ఖర్చు ఆ ఒక్క ముక్క. అంతే, బంటు జరిపి గడియారం కొట్టాడు.

ఓడిపోయాను. గెలుస్తానని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. కానీ నాలుగెత్తులకు పడలేదు. ఆట మధ్యలో ఒకసారి ఆయన చెయ్యి ఏనుగు దాకా పోయి ముట్టకుండా వెనక్కి వచ్చింది. ఆయన కాలం నడుస్తోంది, ఆయన ఆలోచిస్తున్నాడు, నా ఎత్తు గురించి. ఆ కాసేపు నాకు చాలు అనిపించింది. ఆ తరవాత ఆయన నన్ను మర్యాదగా, ఏ మొహమాటం లేకుండా చిత్తు చేశాడు. నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాను. నమస్కారానికి రెండు చేతులూ కావాలి కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

జనంలో నాయన ఉన్నాడని నాకు తెలీదు. నేను చెప్పలేదు, ఆయన వస్తాననలేదు. వచ్చి, వెనక వరసలో కూర్చుని, ఆట కాగానే బండికి పోయాడు. ఆ సంగతి తరవాతి ఆదివారం చిత్తూరాయన చెప్పాడు. ఆరోజు మెట్ల మీద చూశాడు కాబట్టి గుర్తుపట్టి పక్కనే కూర్చున్నాడట. నేను గడియారం మార్చినప్పుడు వాళ్ళ వెనకనున్న ఒక పెద్దమనిషికి తిక్కరేగి, ఎవురబ్బా ఆ పాప, ఎడం సేత్తో ఆడతాండాది, ఇంట్లో పెద్దోళ్ళు సెప్పలేదా అన్నాడట. చిత్తూరాయన ఏదో అనబోయేలోగా నాయనే వెనక్కి తిరిగాడట.

"సెప్పినాం. కొట్టినాం గూడా. వినలేదు. మా బిడ్డే."